యడాగమం

నా గుర్తింపు కార్డు మీద, విభాగం అన్నచోట
తమిళంలో "మట్రవై" అని ఉంటుంది.
ఇతరములు.
ఫినాయిలు, చీపుర్లు కొన్న ఖర్చు కూడా
ఆ పద్దులోనే రాస్తామని
అకౌంట్స్ మురుగేశ్వరి నవ్వుతూ చెప్పింది.

గిండీలో చదివిన రెండేళ్లూ
సైకిలే నా డిపార్టుమెంటు.
పొద్దున సిగ్నళ్ల క్లాసు, మధ్యాహ్నం ధ్వనుల క్లాసు,
నడుమ ఒకటిన్నర కిలోమీటరు ఎండ,
దారికడ్డంగా జింకలు.
వైర్లు తెలిసినవాళ్లు నన్ను మాటల మనిషి అన్నారు,
మాటలు తెలిసినవాళ్లు వైర్ల మనిషి అన్నారు.
గురువారాలు మెదడు.
గాజు సీసాలో, నానిన అక్రోటు రంగులో,
తను ఎవరి పక్షమో చెప్పకుండా.

నంద్యాల నుంచి మేనమామ ఫోను.
"ఇంతకూ నువ్వు డాక్టరమ్మవా, ఇంజనీరువా, పంతులమ్మవా మే?"
"మూడూ కాదు మామా."
"రెంటికీ చెడ్డ రేవడని విన్యాను గానీ..."
మూడింటికి చెడ్డదాన్ని ఏమంటారో
ఆయనకు సామెత దొరకలేదు.

ఉద్యోగాల వారంలో ఫారం ఇచ్చారు,
ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలన్నారు.
నేను రెండు గళ్ల నడిమి గీత మీద పెట్టాను.
యంత్రం ఆ కాగితాన్ని ఉమ్మేసింది.
ఏడు నెలలు తరమణిలో ఒక కంపెనీకి
వెయ్యి గొంతుల్లోంచి "అవును"నీ "కాదు"నీ
ఏరి పోగులు పెట్టాను,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

తరవాత రాయపురం.
మూడో వార్డు, పదకొండో మంచం, ఏకాంబరం.
తంగసాలై వీధి అచ్చుకూటంలో
పగలు తమిళ కరపత్రాలు, రాత్రిళ్లు తెలుగు పెళ్లిపత్రికలు
నలభై ఏళ్లు పేర్చినవాడు.
పక్షవాతం. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది.
తాళంచెవి బొమ్మ, గొడుగు బొమ్మ, ఏనుగు బొమ్మ,
ఎన్ని చూపినా తమిళంలో ఒక్క పేరూ రాలేదు.
రాత్రిపూట ఏదో గొణుగుతాడట.
కేసు కాగితం మీద "పలవరింత" అని రాసి సంతకం.
మనవరాలు భైరవికి తెలుగు రాదు.

ఒక రాత్రంతా రికార్డరు పెట్టి విన్నాను.
ఆ అలల్ని తెరమీద సాగదీయడం ఒక క్లాసు నేర్పింది,
ఆ విరుపులు జ్వరానివి కావని ఇంకో క్లాసు.
"రెండో అర... తావత్తు... కింద యావత్తు..."
ఆయన పలవరించడం లేదు,
పని చేసుకుంటున్నాడు.
ఎవరిదో పెళ్లి, తెల్లారేలోపు ఇవ్వాలి.

పెరంబూరులో మూతబడ్డ ప్రెస్సు నుంచి
కిలోల లెక్కన సీసపు అక్షరాలు కొన్నాం.
(ఆ ఖర్చూ ఇతరములే.)
మంచం మీది పళ్లెంలో
"మా" పెట్టి, కాస్త ఎడంగా "ఇల్లు" పెట్టాను.
చాలాసేపు చూశాడు.
ఎడమచేత్తో "ఇ"ని పక్కకు తోసి
వెతికాడు, వెతికాడు.
బొటనవేలంత "యి" తెచ్చి అక్కడ నిలబెట్టి
"మా... యిల్లు" అన్నాడు.
భైరవి నన్ను చూసింది, అర్థం చెప్పమని.

ఎనిమిదో తరగతిలో నిలబెట్టి అడిగేవాళ్లు:
సంధి కుదరక రెండు అచ్చులు
ఎదురుబొదురుగా ఆగిపోతే ఏమవుతుంది?
నడుమ ఒక యకారం వస్తుంది టీచర్.
ఎక్కడి నుంచి?
తెలియదు టీచర్.
ముందు మాటదీ కాదు, వెనక మాటదీ కాదు.
రెండు మార్కుల ప్రశ్న.

ఏకాంబరం ఇంటికి వెళ్లేనాటికి
పదకొండు మాటలు తిరిగొచ్చాయి. అంతే.
"ఏనుగు" ఇప్పటికీ రాలేదు.
నా కాంట్రాక్టు కూడా పదకొండు నెలలే,
ప్రతిసారీ కొత్తగా రాస్తారు.

మొన్న మళ్లీ మామ ఫోను.
"ఏం పని మే నీది, ఒక్క ముక్కలో చెప్పు."
"మాయమ్మ అంటావు కదా మామా,
నడుమన ఉందే, ఆ య."
కాసేపు మాట లేదు. తరవాత
"జీతమెంత?"
చెప్పాను.
"ఒక్క అచ్చరానికి
పరవాల్యా."